పాసిఫై అనే క్రియ: దత్త మండలాల్లో దాని అర్థం

ఇంగ్లీషులో కోపాన్నీ, దుఃఖాన్నీ, అల్లరినీ చల్లార్చే క్రియలు చాలా ఉన్నాయి. సూద్, మాలిఫై, అస్వేజ్, ప్లకేట్, అపీజ్, పాసిఫై. పర్యాయపద నిఘంటువులు వీటన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తాయి. పిల్లలు పరీక్ష కోసం అట్లాగే వల్లె వేస్తారు. కాని ఒక్కొక్క మాటకూ వేరే పుట్టుక ఉంది. మాలిఫైలో ఉన్నది మెత్తదనం. లాటిన్‌లో మోలిస్ అంటే మెత్తన. అస్వేజ్‌లో ఉన్నది తీపి; సువావిస్ అంటే తియ్యన. సూద్ కథ మరీ తమాషా అయినది. దాని మూలం సూత్, అంటే నిజం. మొదట్లో ఆ క్రియకు నిజమని రుజువు చేయడం అని అర్థం. తర్వాత ఎదుటివాడు ఏమన్నా నిజమే, నిజమే అని తలూపడం అయింది. తలూపితే వాడి కోపం చల్లారుతుంది గనుక చివరికి ఊరడించడం అయింది. పెద్దరెడ్డి అరుగు దగ్గర చేరి వంత పాడేవాళ్లను చూసినవారికి ఈ అర్థపరిణామాన్ని వివరించి చెప్పనక్కరలేదు.

నా పేచీ వీటితో కాదు, పాసిఫైతో. చెన్నేకొత్తపల్లిలో ఉంటూ ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు నుంచి వచ్చే పిల్లలకు చరిత్ర చెప్పినవాణ్ణి. మా ప్రాంతపు ఆధునిక చరిత్ర ఏ పుస్తకంలో చూసినా దాదాపు ఒకే రకంగా మొదలవుతుంది: 1800లో ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీకి వచ్చాయనీ, థామస్ మన్రో పాలెగాళ్లను అణచి శాంతిని నెలకొల్పాడనీ. ఇంగ్లీషు చరిత్రకారులు ఆ ఘట్టానికి పాసిఫికేషన్ అని పేరు పెట్టారు. తెలుగు విద్యార్థి 'అణచి' అనే ముక్కను దాటేసి 'శాంతి' దగ్గర ఆగుతాడు. ఆ శాంతి ఎవరికి, దాని ఖరీదెంత, ఆ ఖరీదు చెల్లించినవాళ్లెవరు అని అడగడు. అడగవలసిన పని లేదన్నట్టుగా వాక్యం కూడా అమరి ఉంటుంది. ఈ ప్రశ్నలకు జవాబు ఆ క్రియ వంశవృక్షంలోనే కొంత దొరుకుతుందని చూపడం నా ఉద్దేశం.

పాసిఫై పదిహేనో శతాబ్దంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. లాటిన్ మూలం పాక్స్, అంటే శాంతి. కాని ఈ పాక్స్ మన శాంతివంటిది కాదు. మన శాంతిలో ఉన్న శమ్ ధాతువుకు చల్లబడడం, అణగడం అని అర్థం. అది మనసుకు సంబంధించినది. పాక్స్ వెనకనున్న ధాతువుకు బిగించడం, పాతడం, స్థిరంగా దిగవేయడం అని అర్థం చెబుతారు భాషాశాస్త్రజ్ఞులు. ఒప్పందం అనే అర్థంగల పాక్ట్ ఆ ధాతువు నుంచి పుట్టిందే. కనుక రోమన్ల శాంతి మొదటినుంచీ షరతులతో బిగించిన శాంతి. షరతులు రాసేది గెలిచినవాడు. పాక్స్ నుంచి రోమన్లు పాకారే అనే క్రియను తయారు చేసుకున్నారు. గాల్ దేశం మీద తాను చేసిన యుద్ధాల గురించి రాస్తూ జూలియస్ సీజరు లొంగిపోయిన తెగలకు పదే పదే వాడేది ఈ క్రియనే. శాంతింపజేయబడిన తెగ అంటే బందీలనిచ్చి, ఆయుధాలు అప్పగించి, కప్పం ఒప్పుకున్న తెగ అని ఆయన పాఠకులకు వేరే చెప్పనక్కరలేకపోయింది.

ఈ పాకారే ఫ్రెంచిలో పాయే అయి, ఇంగ్లీషులో పే అయింది. అవును, మనం జీతం రోజున అనుకునే పే, ఫీజు కౌంటరు దగ్గర వినే పే. అప్పులవాడు గుమ్మంలో కూర్చుని కేకలు పెడుతుంటాడు, వాణ్ణి శాంతింపజేయాలి, వాడు శాంతించేది డబ్బు చేతిలో పడ్డప్పుడు. ఆ విధంగా శాంతింపజేయడమూ చెల్లించడమూ ఒకే మాట అయినాయి. తొలినాళ్ల ఇంగ్లీషులో పే అనే క్రియకు సంతోషపెట్టడం అనే అర్థం కూడా ఉండేది. తర్వాత డబ్బు ఒక్కటే మిగిలింది. మరో సంగతి. భూమిలో పాతిన హద్దు గుర్తును బట్టి పల్లె ప్రాంతానికి లాటిన్‌లో పాగుస్ అనే పేరు వచ్చింది. ఆ పాగుస్ నుంచి వచ్చినదే రైతు అనే అర్థంగల పెజెంట్. శాంతి, చెల్లింపు, రైతు. ఈ మూడూ ఆ భాషలో ఒకే గుంజకు కట్టేసి ఉన్నాయి.

శబ్దవ్యుత్పత్తి చరిత్రకు సాక్ష్యం కాదనేవారు ఉంటారు. నిజమే. పాత ధాతువు మన్రో చెవిలో గుసగుసలాడి పాలెగాళ్ల మీదికి పంపలేదు. కాని ఒక మాట ఏ పరిస్థితుల్లో పుట్టిందో అటువంటి పరిస్థితులే మళ్లీ ఎదురైనప్పుడు ఎంత తేలికగా అందులో ఒదిగిపోతుందో గమనించడం నిష్ప్రయోజనం కాదు.

తెలుగు సంగతి చూద్దాం. మనం పసిపిల్లను బుజ్జగిస్తాం. ఏడ్చేవాణ్ణి ఊరడిస్తాం. చావు జరిగిన ఇంటివాళ్లను ఓదారుస్తాం. కొట్లాడుకునే ఇద్దరిని సముదాయిస్తాం. వీటిలో ఏ ఒక్కదానికీ ఆయుధం అక్కరలేదు. తుపాకి పట్టుకున్నవాడు ఓదార్చాడంటే తెలుగులో వాక్యం నిలబడదు. సంస్కృత రాజనీతి కూడా ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సామ, దాన, భేద, దండాలు నాలుగు వేర్వేరు ఉపాయాలు. సామమంటే మంచిమాటలతో అనునయించడం. అమరకోశం దానికి సాంత్వమనే పర్యాయం చెబుతుంది. దండమంటే దండం. రాజు దండం వాడి సామం వాడానని రాయించుకుంటే ఆస్థాన పండితుడైనా నవ్వుకునేవాడు. ఇంగ్లీషు పాసిఫై చేసిన మేలు ఏమంటే, ఈ నాలుగింటినీ ఒకే సంచిలో వేసి మూతికట్టి, సంచి మీద మొదటిదాని పేరు రాసింది.

తెలుగులో ఇంకొక మాట ఉంది: సమాధానం. ప్రశ్నకు జవాబూ సమాధానమే, తగవు తీరి కలిసిపోవడమూ సమాధానపడడమే. బైబిలును తెలుగు చేసినవారు శాంతికి ఈ మాటనే ఎక్కువగా వాడారు. ఇందులో ఉన్న తర్కం నాకు నచ్చుతుంది. ఎదుటివాడి ఫిర్యాదుకు జవాబు చెప్పకుండా వాణ్ణి సమాధానపరచడం కుదరదు. దానికి దగ్గరగా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన రాజీ ఉంది. రాజీ అంటే తృప్తిపడినవాడు. ఇద్దరూ తృప్తి పడితేనే రాజీ. పాసిఫైకి ఒకడు తృప్తిపడితే చాలు.

ఇంతగా పొగుడుతున్నానని తెలుగు మాటలన్నీ సాధువులని అనుకోనక్కరలేదు. పాలేరును గుంజకు కట్టి కొట్టించి 'బుద్ధి చెప్పాను' అన్న భూస్వామి తెలుగులోనే అన్నాడు. దండానికి ఉపదేశం వేషం వేయడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరు.

ఇక దత్త మండలాలకు వద్దాం. ఆ పేరులోనే ఒక నాటకం ఉంది. దత్తమంటే ఇచ్చినది, దానం చేసినది. 1792లోనూ 1799లోనూ మైసూరు యుద్ధాల తర్వాత నైజాము వాటాకు వచ్చిన బళ్లారి, కడప ప్రాంతాలనూ, ఇప్పటి అనంతపురం ప్రాంతాన్నీ 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నైజాము కంపెనీకి వదులుకున్నాడు. ఎందుకు? తన రాజ్యంలో కంపెనీ నిలిపిన సైన్యానికి ఖర్చు కింద. అంటే ఈ సీమలోని లక్షలాది మంది, వాళ్ల పొలాలూ చెరువులూ కలిపి, ఒక సిపాయిల బిల్లుకు చెల్లింపు. మా నేల కంపెనీ చేతిలోకి పే రూపంలోనే వచ్చింది. 1928లో నంద్యాలలో జరిగిన సభలో దత్త మండలాలనే పేరు తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నారు. పేరు మారడం మంచిదే అయింది. కాని ఆ పాత పేరును మర్చిపోకుండా తరగతిలో ఒకసారైనా విప్పి చెప్పాలని నా అభిప్రాయం.

కంపెనీ వచ్చేనాటికి ఈ జిల్లాల్లో సుమారు 80 మంది పాలెగాళ్లు, వాళ్ల కింద సుమారు 30,000 మంది సాయుధ బంట్లు ఉన్నట్టు లెక్క. పాలెగాణ్ణి దేశభక్తుడిగా చిత్రించే అలవాటు ఈమధ్య పెరిగింది. నేనందుకు సిద్ధంగా లేను. విజయనగరం కాలంలో సరిహద్దు కావలికీ, సైనిక సేవకూ పాలెం పొందినవాడి వారసుడు, ఆ రాజ్యం పోయాక స్వతంత్రించి, కావలి రుసుము పేర రైతు దగ్గర వసూలు చేసి, పక్క పాలెం మీద పడి పశువులను తోలుకెళ్లిన సందర్భాలు కొల్లలు. అతని కింద బతికిన సేద్యగాడికి అతను పోయినందుకు కన్నీరు కార్చవలసిన అవసరం లేదు. కాని ఒక దోపిడీదారును తొలగించిన రెండో దోపిడీదారు తన పనికి శాంతి అని పేరు పెట్టుకుంటే, మొదటివాడి దుర్మార్గం ఆ పేరును నిజం చేయదు.

మన్రో ఏం చేశాడు? ఇతను 1761లో గ్లాస్గోలో పుట్టి, 1780లో మద్రాసు సైన్యంలో క్యాడెట్టుగా చేరి, బారామహలులో అలెగ్జాండర్ రీడ్ దగ్గర పని నేర్చి, కెనరాలో పనిచేసి, 1800 చివర దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. అనంతపురంలో మకాం పెట్టాడు. మనిషి సమర్థుడు, దేశభాషలు తెలుసు, గుడారాల్లో తిరుగుతూ రైతులతో నేరుగా మాట్లాడేవాడు. అతని పద్ధతి పైన చెప్పిన నాలుగు ఉపాయాలకూ చక్కగా సరిపోతుంది. మొదట పాలెగాడు కట్టవలసిన పేష్కషును అతను బంట్లను పోషించుకోవడానికి ఏమీ మిగలనంతగా పెంచాలి. కట్టినవాడు పేదవాడవుతాడు, కట్టనివాడు తిరుగుబాటుదారవుతాడు. రెండోరకం వాళ్ల కోసం జనరల్ క్యాంబెల్ నాయకత్వాన సైన్యం సిద్ధంగా ఉంది. లొంగినవారికి పింఛను, కోటలు నేలమట్టం, బంట్లకు సెలవు. అనంతపురం హండె వంశీకులు అలా పింఛనుదారులైనవారే. ఈ కాఠిన్యాన్ని లండనులోని కంపెనీ డైరెక్టర్లు సైతం ఆక్షేపించారు. మన్రో తన పనిని సమర్థించుకున్నాడు. ముందు శాంతి, తర్వాత శిస్తు అనే వరస మనకు పుస్తకాల్లో కనిపిస్తుంది. నిజానికి శిస్తే ఆయుధం. ఎంత అడగాలో నిర్ణయించడంతోనే యుద్ధం మొదలైంది.

పాలెగాడు మధ్యలో లేనిచోట కూడా ఇదే జరిగింది. 1801 చివర్లో ఆదోని ప్రాంతంలోని తెర్నెకల్లు గ్రామస్థులు శిస్తు కట్టబోమని తిరగబడ్డారు. వసూలుకు వచ్చిన అధికారి హతుడయ్యాడు. ఊరివాళ్లు తమ చిన్న కోట తలుపులు వేసుకున్నారు. కంపెనీ సైన్యం మొదట చేసిన దాడులు విఫలమైనాయి. తర్వాత మరింత బలగంతో వచ్చి కోటను పట్టుకుని లోపలివాళ్లను ఊచకోత కోశారు. దీనిని కూడా పాసిఫికేషన్‌లో భాగంగానే లెక్కపెట్టాలి. ఇక్కడ శాంతించినది ఊరు. శాంతింపజేయవలసి వచ్చిన కారణం చెల్లించకపోవడం. లాటిన్ వ్యాకరణవేత్త ఇంతకంటె మంచి ఉదాహరణను కోరుకోలేడు.

1802 నుంచి సర్వే జరిగింది. 33 అడుగుల గొలుసుతో పొలం పొలమూ కొలిచారు. అట్లాంటి చదరాలు నలభై అయితే ఒక ఎకరం. కొలిచిన ప్రతి పొలానికీ ఒక ధర, ప్రతి రైతుకూ ఒక పట్టా. ఇదే రైతువారీ సెటిల్మెంటు. ఈ సెటిల్ కూడా మన క్రియకు చెల్లెలే అనాలి: కూర్చోబెట్టడం, కుదుటపరచడం. దేశాన్ని సెటిల్ చేయడమూ, శిస్తును సెటిల్ చేయడమూ కంపెనీ కాగితాల్లో ఒకే క్రియ. ఒక రైతు కట్టలేకపోతే ఆ లోటును ఊళ్లోని మిగతా రైతుల మీద నూటికి పది దాకా వేసే ఏర్పాటు కూడా ఇందులో ఉండేది. మన్రో ఇక్కడ ఉన్న ఏడేళ్లలో భూమిశిస్తు రాబడి సుమారు 4 లక్షల పౌన్ల నుంచి సుమారు 6 లక్షల పౌన్లకు పెరిగింది. రమేశచంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో ఈ అంకెలను ఎత్తి చూపాడు. ఆ ఏడేళ్ల మధ్యలోనే 1803–04లో వానలు లేక ఈ సీమ కరువు చూసిందని కూడా గుర్తుంచుకోవాలి.

మన్రోకు న్యాయం చేయాలంటే ఒకటి చెప్పాలి. ఈ శిస్తు ఎక్కువని అతనికి తెలుసు. 1807 ఆగస్టు 15న పంపిన నివేదికలో భూములన్నిటి మీదా నూటికి 25 వంతులు తగ్గించమనీ, బావులూ చెరువుల కింది భూములకు అదనంగా మరో 8 వంతులు తగ్గించమనీ సిఫారసు చేశాడు. స్థూల ఉత్పత్తిలో సుమారు 45 శాతం ఉన్న శిస్తు అట్లా చేస్తే మూడోవంతుకు దిగుతుందని లెక్క. ఆ సంవత్సరమే అతను ఇంగ్లండు వెళ్లిపోయాడు. ప్రభుత్వం తగ్గింపును పక్కనపెట్టి, మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు గ్రామాలను గుత్తకిచ్చింది. గుత్తదారులు రైతులను పిండారు. కొందరు తామూ దివాలా తీశారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా వచ్చిన తర్వాత గాని రైతువారీ మళ్లీ రాలేదు, తగ్గింపు అమలు కాలేదు. అప్పటికి ఈ సీమ సేద్యగాడు అధిక శిస్తు కిందా గుత్తల కిందా సుమారు ఇరవై ఏళ్లు నలిగాడు.

1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మన్రో చనిపోయాడు. మా జిల్లాల్లో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి అతనికి కనిపించి మాట్లాడాడనీ, గండిలో బంగారు తోరణం చూశాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రగతిశీల విమర్శకులు ఈ కథలను విని ముఖం చిట్లించి ఊరుకోవడం సరికాదు. ప్రజలు ఊరికే ప్రేమించరు. పాలెగాడి బంటుకూ, గుత్తదారుకూ, కలెక్టరుకూ మధ్య నలిగినవాడికి, తన భాషలో తనతో మాట్లాడి, తన పేర పట్టా రాసిచ్చి, ఇంతకు మించి అడగనని చెప్పినవాడు ఋషిలాగానే కనిపిస్తాడు. అతని మంచితనం నిజమే. అతను నిలబెట్టిన యంత్రానికి ఆ మంచితనంతో పని లేదు, అంతే. 1853లో ఒక న్యూయార్కు పత్రికలో భారతదేశం గురించి రాస్తూ మార్క్స్ జమీందారీనీ రైతువారీనీ పక్కపక్కన పెట్టి, రెండూ పైనుంచి ఆజ్ఞతో రుద్దిన మార్పులేనని తేల్చాడు.

ఆ యంత్రం ఎట్లా పనిచేసిందో 1855లో కంపెనీయే వేసిన సంఘం చెప్పింది. మద్రాసు రాజధానిలో చిత్రహింసల ఆరోపణలను విచారించిన ఆ సంఘం, శిస్తు వసూలు కోసం వేళ్లను చెక్కల మధ్య నొక్కడం, మెడ వంచి కాలివేళ్లకు కట్టి ఎండలో నిలబెట్టడం వంటివి వాడుకలో ఉన్నాయని ఒప్పుకుంది. మార్క్స్ 1857లో ఈ నివేదికను ఆధారం చేసుకుని మరొక వ్యాసం రాశాడు. దేశం శాంతించి అర్ధశతాబ్దమైంది. యుద్ధం కోట నుంచి కచేరీ ముంగిటికి మారింది.

శాంతింపజేయబడిన పాలెగాళ్ల వంశాలకు కూడా ఆ శాంతి ఎంత సన్నటి దారంమీద వేలాడుతుందో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ తెలుపుతుంది. ఆయనకు నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను. బంధువుల వాటా తనకు రావాలన్న కోరిక నెరవేరలేదు. అదే సమయంలో కట్టుబడి బంట్ల ఇనాములను ప్రభుత్వం లాక్కుంటున్నది. కడుపు కాలిన బంట్లు ఆయన చుట్టూ చేరారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. ఆ యేడే ఆయనను పట్టుకున్నారు; 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు; తలను ఏళ్ల తరబడి అక్కడే వేలాడదీసి ఉంచారు. పే ఆగినచోట పాసిఫికేషన్ ఆగిపోయింది, ఉరికంబం వచ్చింది. ఆయనను వీరుడని పాడుకున్న జనం పొరబడలేదు. కాని ఆయన వెంట నడిచిన బంట్ల నోటికాడి కూడు సంగతి ఆ పాటలు వినేవారికి చరిత్ర ఉపాధ్యాయుడే గుర్తు చేయాలి.

దత్త మండలాల్లో అలవాటు పడిన మాట తర్వాత సముద్రాలు దాటింది. 1885లో బర్మాను మింగిన తర్వాత ఐదేళ్లకు పైగా అక్కడి పల్లెలతో యుద్ధం సాగింది. మద్రాసు దళాలు కూడా అందులో ఉన్నాయి. అక్కడ ప్రధానాధికారిగా పనిచేసిన చార్లెస్ క్రాస్త్‌వెయిట్ 1912లో దాని గురించి పుస్తకం రాసి, బర్మాను పాసిఫై చేసిన కథగానే దానికి పేరు పెట్టాడు. ఫ్రెంచివారు 1954 నుంచి 1962 వరకు అల్జీరియాలో చేసినదానిని యుద్ధమని అధికారికంగా అనలేదు. శాంతిస్థాపన అన్నారు, శాంతిభద్రతల చర్యలన్నారు. దానిని యుద్ధమని వాళ్ల పార్లమెంటు చట్టంలో ఒప్పుకున్నది 1999లో. వియత్నాం పల్లెల్లో 1960లలో అమెరికా నడిపిన కార్యక్రమం పేరు కూడా ఇదే. జార్జి ఆర్వెల్ రాజకీయాల్లో ఇంగ్లీషు భాష వాడకంపై 1946లో రాసిన వ్యాసంలో ఈ మాటను ప్రత్యేకంగా పట్టుకుని, రక్షణ లేని పల్లెల మీద బాంబులు వేయడానికి పెట్టిన పేరని ఎత్తిచూపాడు. ఆయన స్వయంగా బర్మాలో పోలీసు ఉద్యోగం చేసినవాడు; ఆ మాట ఎక్కడ విని ఉంటాడో ఊహించుకోవచ్చు.

ఇదే పాక్స్ నుంచి పుట్టిన అపీజ్‌కు మరొక గతి పట్టింది. 1938 మ్యూనిక్ తర్వాత అది తిట్టుమాట అయింది. ఇప్పుడు మన పత్రికల్లో బుజ్జగింపు అనీ, సంతుష్టీకరణ అనీ కనిపిస్తుంది. బలవంతుడు బలహీనుణ్ణి కొడితే పాసిఫై. వాడికి ఏదైనా ఇస్తే అపీజ్. ఒకే తల్లి బిడ్డల్లో కొట్టేవాడికి మంచిపేరూ పెట్టేవాడికి చెడ్డపేరూ రావడం భాష చేసిన పని కాదు. భాషను వాడే వర్గం చేసిన పని. మూడో బిడ్డ పాసిఫిజం మాత్రం యుద్ధాన్ని వ్యతిరేకించేవారు తమకోసం తయారు చేసుకున్న మాట; అది 1901లో అంతర్జాతీయ శాంతి మహాసభ జరిగిన గ్లాస్గోలో ప్రచారంలోకి వచ్చింది. మన్రో పుట్టిన ఊరు కావడం యాదృచ్ఛికం. ఇక పాసిఫయర్ అంటే అమెరికాలో పసిపిల్లల నోట్లో పెట్టే రబ్బరు పీక. అందులో పాలుండవు.

మన భాష మీద దీని నీడ ఎంత పడిందో చివరగా చూడాలి. ఇంగ్లీషువాడు లా అండ్ ఆర్డర్ అంటాడు, చట్టం, క్రమం. అందులో శాంతి లేదు. మనం దానిని శాంతిభద్రతలు అని అనువదించుకున్నాం. చట్టం మాయమై దాని స్థానంలో శాంతి వచ్చింది. అందువల్ల ధర్నా చేసిన రైతు చట్టాన్ని మీరాడా లేదా అనే ప్రశ్న తెలుగులో లేవదు. అతను శాంతికి భంగం కలిగించాడు, అంతటితో సరి. 1948 సెప్టెంబరులో సైన్యం ఐదు రోజుల్లో హైదరాబాదు తీసుకుంటే దానిని పోలీసు చర్య అన్నాం. ఆ తర్వాత తెలంగాణ పల్లెల్లో భూమి పంచుకున్నవాళ్ల మీద 1951 దాకా జరిగినదానికి శాంతిభద్రతల పునరుద్ధరణ అన్నాం. మా సీమలో సెటిల్మెంటు అంటే ఇప్పుడు ముఠానాయకుడు కూర్చుని చేసే పంచాయితీ. ఎన్నికలు వచ్చినా, జాతర వచ్చినా పల్లెల్లో బైండోవర్లు మొదలవుతాయి. శాంతిని కాపాడతానని మనిషి చేత ఇంత సొమ్ముకు పూచీకత్తు రాయించుకోవడం అది. చాలాకాలం దాన్ని 107 అనేవారు. 2024 జూలై నుంచి కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 126. శాంతికి హామీ ఇంత అని అంకెల్లో రాసుకునే పద్ధతిలో పాక్స్, పాక్ట్, పే మూడూ కలిసే ఉన్నాయి.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక ప్రతిపాదన. మన్రో పాఠం వచ్చినప్పుడు 'శాంతి నెలకొల్పాడు' అనే మాటను తెలుగులోకి మళ్లీ అనువదించమని విద్యార్థులను అడగండి. నా తరగతిలో 'లొంగదీసి శిస్తు కట్టించాడు' అని రాసినవాళ్లున్నారు. 'తుపాకి చూపి సెటిల్ చేసినాడు' అని ధర్మవరం పిల్లవాడొకడు రాశాడు. దాని తర్వాత 1807 నాటి మన్రో నివేదికనూ, 1855 నాటి చిత్రహింసల సంఘం నివేదికనూ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు. మొదటిదానిలో 25 వంతులు తగ్గించమన్న చోటా, రెండోదానిలో రైతులు తమ నోటితో చెప్పుకున్న చోటా ఆగి, మధ్యలో గడిచిన 48 ఏళ్లలో తమ ఊరి భూమి ఎన్ని చేతులు మారిందో ఇంట్లో ముసలివాళ్లను, వాళ్లు లేకపోతే పాత పట్టాలనూ ఇనాము కాగితాలనూ అడిగి రాసుకు రమ్మనండి. పెనుకొండ, హిందూపురం, ధర్మవరం అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేవి; 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది. కనుక పాత రికార్డులు వెతికేవారు బళ్లారి పేర వెతకాలి.